ఎడమవైపు లైటు

ఆ కారు సీటులో కూర్చుంటే నేల మీద చతికిలబడ్డట్టే ఉంటుంది. మనిషిని ఇంత కిందికి దించి కూర్చోబెట్టే బండిని ఏ మహానుభావుడు కనిపెట్టాడో అనుకున్నాడు హజరత్తయ్య, మోకాళ్ళు స్టీరింగుకు తగలకుండా సర్దుకుంటూ. పని అయిపోయింది. ముందు బంపరు నుంచి వెనక డిక్కీ దాకా పాత వైరు మూరెడు కూడా మిగల్లేదు, అంతా కొత్తదే, బ్యాటరీకి తగిలించాల్సిన ఒక్క తీగ తప్ప అన్నీ బిగించేశాడు. ఆ ఒక్కటీ కొడుకు కళ్ళ ముందే తగిలించాలి. ముఖేష్ నెల్లూరులో బస్సు మారానని తల్లికి ఫోన్ చేశాడట, గంటలో బోగోలు వచ్చేస్తాడట, వెంకటశేషమ్మ అప్పుడే చేపలు కడగడం మొదలుపెట్టింది. గంట. ఈ గంటను ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు. చేతికి పనుంటే బుర్ర దాని వెంట పోతుంది, పని లేకపోతే ఎప్పుడూ ఒక్కచోటికే పోతుంది, జువ్వలదిన్నె రోడ్డులో కల్వర్టు దాటాక వచ్చే మలుపు దగ్గరికి. సర్వీ చెట్ల మీదుగా గాలి ఉప్పగా కొడుతుంది అక్కడ. ఆరేళ్ళ కిందట, ఊళ్ళో దీపాలు పెట్టే వేళ, ఈ కారే అక్కడ ఓబయ్యను కొట్టింది. వల భుజానేసుకుని రోడ్డంచున చేపలు పట్టేవాళ్ళ పాళెం వైపు నడిచి పోతున్న ఓబయ్యను. నడుపుతున్నది ముఖేష్. ఉన్నట్టుండి లైట్లు ఆరిపోయాయన్నారు. లైట్లు ఆరిపోయాయంటే వైరు తెగిందన్నమాట, వైరు తెగిందంటే అతుకు ఊడిందన్నమాట, ఆ అతుకు వేసిన చెయ్యి ఇది. హజరత్తయ్య ఆ చేతిని స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రేకుల షెడ్డు వేడికి చిటపటమంటోంది. వైరు టేపు కరిగి జిగురు వాసన. ముప్పై ఏళ్ళు ఈ వాసనలోనే బతికాడు. పెళ్ళయిన కొత్తలో వెంకటశేషమ్మ అన్నం కలిపి పెడుతూ నీ ఒంటికి టైరు కాలిన వాసన వస్తుందని మొహం తిప్పుకునేది. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని అమ్మ ఈ పేరు పెట్టింది, ఆ పేరే రోడ్డు మీద రేకు బోర్డుకెక్కింది, హజరత్తయ్య ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్. లారీలు, ట్రాక్టర్లు, రొయ్యల వ్యాన్లు. ఈ కారు మాత్రం ఎవరూ బాగుచేయమని తీసుకురాలేదు, ముఖేషే తెచ్చాడు, ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చాడు. రొయ్యల చెరువుల మీద అందరూ బాగుపడిన రోజుల్లో ఎవరో పెద్దాయన మద్రాసులో కొనుక్కున్న స్పోర్ట్స్ కారట, చెరువులకు తెగులొచ్చాక ఆయన దాన్ని పాకలో వదిలేశాడు. అది వచ్చినప్పుడు సీటులో కోడి గుడ్లు పెట్టి ఉంది. డ్యాష్ బోర్డు కింద వైరింగంతా ఎలుకలు కొరికేశాయి. మార్చేద్దాం రా, మొత్తం మార్చేద్దాం అన్నాడు తను. వాడు ఆగితేనా. రెండు సీట్ల కారు, ఎర్ర కారు, పైన గుడ్డ టాపు, బీచి రోడ్డులో పోవాలి, ఇవాళే పోవాలి. సరేలే అని ముక్కకు ముక్క అతికి పెట్టాడు. ఆ ముక్కల్లో ఒకటి హెడ్‌లైట్లది, స్విచ్చి నుంచి బయటికి వచ్చే చోట. దానికి సీసం కరిగించి సాల్డరు పెట్టాడా, ఊరికే మెలేసి టేపు చుట్టాడా, ఆ ఒక్క సంగతి జ్ఞాపకం రాదు. ఆరేళ్ళూ రాలేదు. షాపు మూసి చేరిన రొయ్యల హేచరీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ రోజు కాలిన సాల్డరు పొగ ముక్కుకు తగిలిందా లేదా అని వెతుక్కునేవాడు. ఒకరోజు తగిలినట్టుండేది. మర్నాడు ఉండేది కాదు.

షాపు షట్టరు దించింది ఆ వారంలోనే. ఎవరూ దించమనలేదు. దారిన పోయేవాళ్ళు జాలిగా చూశారు, కొందరు బండి ఆపి హజరత్తన్నా ఎవరికైనా జరుగుతుందిలే అన్నారు. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే కూడా ఇంకొకణ్ణి పిలిపించాడు. పాళెం మీదుగా పోయే దారి వదిలేసి చుట్టు దారిన సైకిలు తొక్కాడు, నాగులమ్మ కనిపిస్తుందని. ఓబయ్య పెళ్ళాం. ప్రమాదం జరిగిన మర్నాడు శవం తెచ్చినప్పుడు ఇసకలో ఆమె కాళ్ళ మీద పడ్డాడు తను, తప్పు నాదమ్మా, నా చేతిదమ్మా అని ఊరంతా వినేట్టు ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఆ కాళ్ళు. చేపల పొలుసు అంటుకున్న వేళ్ళు. మనిషి ఏడవకుండా అట్లా చూస్తూ నిలబడితే ఎంత భయం వేస్తుందో అప్పుడు తెలిసింది. పెద్దమనుషులు కూర్చున్నారు, మాట్లాడారు, పిల్లవాడి తప్పేముంది, బండి మోసం చేసింది అన్నారు. కేసు నడవాల్సినంత నడిచి చల్లబడింది. ముఖేష్ కృష్ణపట్నం పోర్టులో ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చేరాడు, తెల్ల చొక్కా వేసుకుని కంపెనీ జీపులో తిరిగే ఉద్యోగం. కారు స్టేషను నుంచి తిరిగొచ్చి ఈ షెడ్డులో పట్ట కింద పడుకుంది. దాని పక్క నుంచి గడ్డికి పోయినా తను అటు చూసేవాడు కాదు.

మళ్ళీ ఈ మధ్య వాడే తెచ్చాడు ఆ మాట. చెన్నైలో ఎవరో పాత కార్లు కొనేవాడు ఉన్నాడు నాయనా, ముందర దెబ్బలన్నీ ఆయనే బాగుచేయించుకుంటాడంట, వైరింగు మాత్రం కొత్తది ఉండాలంట, ఈ బండి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు అన్నాడు. తను వద్దనాల్సింది. వద్దనలేదు. ఎందుకు వద్దనలేదో అప్పుడు తెలియలేదు కానీ డ్యాష్ బోర్డు మరలు విప్పుతుంటే తెలిసింది. ఆ అతుకు చూడాలి. ఎక్కడ తెగిందో, ఎట్లా తెగిందో, ఒక్కసారి కళ్ళతో చూసి, ఔను నేనే అని తేల్చుకుని పడుకోవాలి. పాత వైర్ల కట్ట మొత్తం తెగకుండా బయటికి లాగాడు, పాము కుబుసంలాగా వచ్చింది, ఎండలో గోనెపట్ట మీద పరిచాడు. రాగి పచ్చబడి ఉంది, ఉప్పు గాలికి ఇక్కడ ఏ రాగి అయినా పచ్చబడుతుంది. హెడ్‌లైటు వైరు పట్టుకుని వేలితో తడుముకుంటూ పోయాడు. అతుకు తగిలింది. బ్లేడుతో టేపు కోశాడు. లోపల సాల్డరు. నున్నగా, నిండుగా, కొత్త గాజులా మెరుస్తూ. పట్టి గుంజాడు, రాలేదు. ఇంకా గట్టిగా గుంజాడు, కాలుతో తొక్కిపట్టి గుంజాడు, వైరు చేతిని కోసింది కానీ అతుకు కదల్లేదు.

అప్పుడైనా సంతోషం వచ్చిందా. రాలేదు. ఇది కాకపోతే ఇంకొకటి అనుకున్నాడు. బ్యాటరీ పెట్టి టెస్టు బల్బుతో ఫ్యూజు చూశాడు, స్విచ్చి చూశాడు, డిప్పు స్విచ్చి చూశాడు, ఎర్తు చూశాడు, ఎక్కడ ముట్టించినా వెలిగింది. ఇక మిగిలింది ఎడమవైపు లైటు, ఓబయ్యకు తగిలింది అదే, అద్దం పగిలి లోపలికి ఒదిగిపోయి ఉంది, ఆరేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. లైట్లు పోయాయని బండి పని చేసినవాడే ఒప్పుకుంటుంటే అద్దం పెంకులు ఎవరు ఏరతారు. పట్టకారుతో బల్బు మొదలు బయటికి తీశాడు. పైన గాజు సగమే ఉంది. ఆ సగం గాజు లోపల తెల్లగా, పసుపుపచ్చగా పొడి అంటుకుని ఉంది, పొయ్యి గట్టు మీద బూడిద పొరలాగా, తీగ కొసలు నల్లగా కాలి ఉన్నాయి. దాన్ని పట్టుకుని హజరత్తయ్య అక్కడే గోనెపట్ట మీద కూర్చుండిపోయాడు. ఆరిన బల్బు పగిలితే తీగ వెండిలా మెరుస్తూనే ఉంటుంది. వెలుగుతున్న బల్బు పగిలితేనే ఎర్రగా కాలుతున్న తీగకు గాలి తగిలి, ఒక్క క్షణంలో ఇట్లా బూడిదై గాజుకు అంటుకుంటుంది. షాపులో ఎన్ని చూశాడు ఇట్లాంటివి. గుద్దుకున్న లారీలు, గుద్దుకున్న జీపులు. ఓబయ్యకు తగిలినప్పుడు ఈ లైటు వెలుగుతూ ఉంది.

అది తెలిశాక కూడా కొత్త వైరింగు పూర్తి చేశాడు. ఎందుకు చేశాడో. పని మధ్యలో వదలడం చేతికి రాదు. రంగు తప్పకుండా, క్లిప్పులు తప్పకుండా, తళతళలాడే వైరు ఒక్కొక్కటే పరుస్తూ, ఆ సాయంత్రాన్ని మళ్ళీ మళ్ళీ నడిపించుకున్నాడు. ఎవరో మోటారు సైకిలు మీద షాపుకొచ్చి మీ వాడు మనిషిని కొట్టాడన్నారు. ఆ బండి వెనకే ఎక్కి పోయాడు. జనం. ముఖేష్ కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు, పెదాలు తెల్లబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా. వాణ్ణి ఎవరన్నా కొడతారేమోనని భయం వేసింది. అప్పుడు ఎవరు ముందు మాట్లాడారు. వాడా. కాదు. వాడు నోరు తెరవలేదు. తనే వాడి భుజం పట్టుకుని ఊపాడు, లైట్లు పోయినాయా, ఒరేయ్, లైట్లు పోయినాయి గదా అన్నాడు. జనం వినేట్టు అన్నాడు. వాడు తలెత్తి చూశాడు, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడు చూసిన చూపే, తర్వాత ఊఁ అన్నాడు. ఆ ఊఁ చుట్టూ తిరిగింది ఆరేళ్ళ బతుకు. అబద్ధం వాడు చెప్పలేదు. అందించింది తను. వాడు చెయ్యి చాచి పుచ్చుకున్నాడు, అంతే, ఇంట్లో ఏది అందించినా అంతే గదా వాడు.

వెంకటశేషమ్మ గ్లాసుతో టీ తెచ్చి కారు తలుపు మీద పెట్టింది. అయిపోయిందా అంది. అయిపోయిందన్నాడు. ఆమె కారును కాదు, అతని మొహాన్ని చూస్తోందనిపించింది. పెళ్ళయినప్పటి నుంచి ఈమె ఏదైనా దాచుకుంటే కొంగు చివర చూపుడు వేలికి చుట్టుకుంటుంది. చుట్టుకుని ఉంది. లోపలికి పోయింది. పులుసు మరుగుతున్న వాసన, మామిడికాయ వేసినట్టుంది, వాడికి మామిడికాయ వేస్తేనే ఇష్టం. ఆరేళ్ళలో తను సరిగా తినని ఎన్ని పూటలో చూసింది గదా ఈమె. చుట్టు దారిన సైకిలు తొక్కి ఆలస్యంగా వస్తే ఎందుకని అడగలేదు గదా. ఎందుకడగలేదు. టీ చల్లారి మీద మీగడ కట్టింది.

గేటు దగ్గర ఆటో ఆగింది. ముఖేష్ వచ్చాడు. లావయ్యాడు కొంచెం, బూట్లు నిగనిగలాడుతున్నాయి, మెడలో కంపెనీ కార్డు. కావలిలో కొనేవాళ్ళ మనిషి ఎదురుచూస్తున్నాడని, తొందరగా పోవాలని అంటూనే వచ్చాడు. హజరత్తయ్య దిగి, బానెట్టు ఎత్తి, మిగిలిన తీగ బ్యాటరీకి బిగించాడు. వాడు సీటులో కూర్చుని స్విచ్చి వేశాడు. రెండు లైట్లూ వెలిగాయి, ఎడమ దానికి కొత్త బల్బు. పట్టపగలు గోడ మీద రెండు పసుపు వలయాలు. హారను మోగింది, ఇండికేటర్లు కొట్టుకున్నాయి. చానా బాగా చేసినావు నాయనా, ఈ షాపు మళ్ళీ తెరవకూడదా అన్నాడు వాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

హజరత్తయ్య జేబులోంచి గుడ్డ తీసి, విప్పి, బల్బు ముక్క వాడి ముందు పెట్టాడు.

"ఎడమ పక్కది. ఎలుగుతుండంగా పగిలింది ఇది."

ముఖేష్ దాన్ని ముట్టుకోలేదు. లైట్ల స్విచ్చి ఆపాడు. ఆపి, అడగాల్సిన మాటలన్నింటిలోకీ ముందుగా ఒకటి అడిగాడు.

"ఎవరికన్నా చూపించినావా?"

ఆ ఒక్క ప్రశ్నతో హజరత్తయ్యకు మిగతాదంతా తెలిసిపోయింది, ఇక వినాల్సింది లేదు, అయినా విన్నాడు. లైట్లు పోయాయని తను ఎప్పుడూ చెప్పలేదన్నాడు వాడు, నువ్వే వచ్చి అన్నావు, నేను ఊఁ అన్నా అన్నాడు. పాట మారుద్దామని ఫోను చూస్తున్నాడట. తలెత్తేలోపల అయిపోయిందట. తర్వాత చెబుదామనే అనుకున్నాడట, కానీ మర్నాడే నువ్వు పోయి ఆమె కాళ్ళ మీద పడితివి, ఊరంతా చూసె, ఇంక ఏమని చెప్పేది అన్నాడు. వాడి గొంతులో ఏడుపు లేదు, కోపం కూడా లేదు. ఎప్పుడో అరిగిపోయిన విషయం చెబుతున్నట్టుంది.

"మీ అమ్మకు తెలుసునా?"

వాడు వంటింటి వైపు చూశాడు.

"ఆ వారంలోనే చెప్పినా. నాయనకు చెప్పొద్దు అనింది. ఆయనకైతే పొరబాటు, నీకైతే జైలు అనింది."

చెప్పడానికి ఎంత తేలిగ్గా ఉందో. ఆయనకైతే పొరబాటు. తూకం వేసినట్టు వేసింది, ఒక తట్టలో కొడుకును పెట్టి, ఇంకో తట్టలో మొగుడి నిద్ర, మొగుడి పని, మొగుడి పేరు రాసిన రేకు బోర్డు పెట్టి. తనను ఎవరన్నా అడిగి ఉంటే తను మాత్రం వేరే రకంగా తూచేవాడా. వేరే రకంగా తూచేవాడు కాదు. కానీ అడగలేదు. అడిగి ఉంటే తెలిసి మోసేవాడు, తెలిసి మోయడం వేరు, ఇది పశువు మీద బరువేసి తోలడం. ముఖేష్ గబగబా రెండు ముద్దలు తిని వచ్చాడు. వెంకటశేషమ్మ ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది, భర్త వైపు చూడకుండా. కారు దాన్ని నలిపి గేటు దాటింది. పోతూ పోతూ వాడు చెయ్యి బయటపెట్టి ఊపాడు, అది పారెయ్ నాయనా అన్నాడు, మెల్లగా, బతిమాలినట్టే.

హజరత్తయ్య పారేయలేదు. గుడ్డలో చుట్టి మళ్ళీ జేబులో వేసుకుని, చెప్పులేసుకుని బయల్దేరాడు. ఎక్కడికని వెనకనుంచి వెంకటశేషమ్మ అడిగేసరికి గేటు దాటాడు. చుట్టు దారి కాదు, తిన్నగా పాళెం దారి. ఆరేళ్ళ తర్వాత ఆ దారిలో నడుస్తుంటే కాళ్ళకు కొత్తగా ఉంది. ఎవరో కొత్తగా మిద్దె వేశారు, బావి దగ్గర గోడ కూలిపోయింది. నడుస్తున్నకొద్దీ ఒంట్లో ఏదో తేలికగా అవుతోంది, తనకు తెలియకుండానే అడుగు పొడుగు పడుతోంది. చెప్పేయాలి. నా అతుకు బాగుంది నాగులమ్మా. నా చెయ్యి చంపలేదు. ఆమె ఆ మాట వింటుంది, విని, అయ్యో అన్నా, ఇన్నాళ్ళూ ఎంత కుమిలిపోయినావు అంటుంది. ఆ అయ్యో కోసం దాహం వేసినట్టు వేసింది. ఇంట్లో ఇద్దరు దాచుకున్నదాన్ని బయట ఒక మనిషి, అందరికన్నా ముఖ్యంగా ఆ మనిషే, నోటితో అంటే చాలు. మళ్ళీ షట్టరు ఎత్తొచ్చు. మళ్ళీ సాల్డరు పొగ పీల్చొచ్చు.

నాగులమ్మ రోడ్డుకు ఇవతల ఇసకలో పట్ట పరిచి కవళ్ళ చేపలు ఎండబెడుతోంది. వంగి, వరసకు వరస తిరగేస్తోంది. జుట్టు సగం నెరిసింది. అతన్ని చూసి నడుము ఎత్తలేదు.

"ఏందన్నా, ఈ పక్కకు వచ్చినావు."

అతను చెప్పాడు. నడుస్తూ కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి, ఉత్త సంగతి మిగిలింది. ఆ రోజు లైట్లు పోలేదమ్మా, వైరు బాగానే ఉండింది, ఇన్నాళ్ళకు విప్పి చూసినా, లైట్లు ఎలుగుతానే ఉండినాయి.

"నాకు తెలుసు" అంది నాగులమ్మ.

ఒక చేపను తిప్పింది. ఇంకొకటి తిప్పింది.

"నేను ఎనకాలే వస్తా ఉంటి, తట్ట నెత్తిన పెట్టుకొని. ఆ ఎలుగులోనే ఆయన నీడ పడింది రోడ్డు మీద. తాటిచెట్టంత పొడుగు పడింది. మళ్ళీ చూస్తే మనిషి లేడు."

"చెప్పలేదే అమ్మా."

"చెప్పినా. పెద్దమనుషుల కాడ చెప్పినా. ఆ గాబరాలో నీకు కళ్ళు తిరిగింటాయిలే అనిరి. బండి చేసినాయనే వచ్చి తప్పు నాది అని కాళ్ళు పట్టుకుంటే, నువ్వేంది కాదంటావు అనిరి. నువ్వు అట్ట ఏడవకపోయింటే నన్ను అడిగేవోళ్ళేమో."

సముద్రం మీద నుంచి గాలి వచ్చి పట్ట అంచు లేపింది. ఆమె దాని మీద రాయి పెట్టింది. తను ఆ రోజు ఇసకలో పడి ఏడ్చిన ఏడుపు హజరత్తయ్యకు మళ్ళీ వినిపించింది, ఈసారి బయటి నుంచి, ఆమె చెవులతో వినిపించింది. నిజంగానే ఏడ్చాడు. ఒక్క బొట్టు అబద్ధం లేదు అందులో. ఆ నిజమైన ఏడుపే ఈమె నోరు మూసింది. కాళ్ళు వెనక్కి తీసుకుంది అందుకా. ఆరేళ్ళుగా ఈమె కనిపిస్తే తిడుతుందని తను తప్పుకు తిరిగాడు, ఈమె మాత్రం తను ఎప్పటికైనా వస్తాడని చూసిందేమో, చూసి చూసి మానుకుందేమో.

నాగులమ్మ నడుము నిటారుగా చేసి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"ఇప్పుడన్నా చెప్తావా అన్నా, స్టేషన్లో?"

జేబు మీద ఉన్న చెయ్యి, గుడ్డలోంచి గరుకుగా తగులుతున్న గాజు. తియ్యాలంటే ఎంతసేపు. కారు ఈపాటికి కావలి చేరి ఉంటుంది. తెల్ల చొక్కా. కల్వర్టు గోడ మీద తెల్లబడిన పెదాలు. పులుసులో మామిడికాయ ముక్క. చెయ్యి దానంతటదే జేబు మీద నుంచి జారి కిందికి వేలాడింది.

"వాడు నా కొడుకు నాగులమ్మా."

"ఆయన నా మొగుడు" అంది ఆమె.

అరవలేదు. ఊరికే, తెలియనివాడికి దారి చెప్పినట్టు చెప్పింది. అతను ఇంకేమన్నా అంటాడేమోనని ఒక వరస చేపలు తిప్పేదాకా చూసింది. అతను అనడానికి వచ్చిన మాట అయిపోయింది, వినడానికి వచ్చిన మాట ఆమె దగ్గర లేదు. పోదామంటే ఇల్లు జ్ఞాపకం వచ్చి అక్కడే నిలబడ్డాడు. ఎండ పడమటికి దిగింది. నాగులమ్మ రెండో వరసలోకి వంగి, తలెత్తకుండానే అంది.

"చేపల మీద నీడ పడతా ఉండాది. పక్కకు జరుగన్నా."

హజరత్తయ్య పక్కకు జరిగాడు.